మరియరత్నం నెత్తుటి చుక్క

నేను ఒక పాత మైక్రోస్కోప్‌ని. అంబాలాలో ఒక కర్మాగారంలో పుట్టి, పాడేరు కొండల్లో ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో ఇరవై ఆరేళ్లు పనిచేశాను. మనుషులు ఉన్నదున్నట్టు చూడాలంటే ఒక కన్ను మూసుకోవాలని అక్కడే తెలిసింది.

నన్ను వాడింది ల్యాబ్ టెక్నీషియన్ మరియరత్నం. పొద్దున్నే ప్రార్థన చేసుకుని, నా అద్దం తుడిచి, రోగుల నెత్తుట్లో మలేరియా వెతికేది. చిన్నప్పుడు ఆమెకూ తమ్ముడికీ ఒకే వారంలో ఆ జ్వరం తగిలింది. తమ్ముడు పోయాడు. దేవుడు తనను దాచి కాపాడాడని చర్చిలో సాక్ష్యం చెప్పేది.

ఆమె కూతురు కృపావతికి నాలుగో ఏట ఎముకల్లో నొప్పులు మొదలయ్యాయి. పిల్ల ఒళ్లు ముట్టుకోనిచ్చేది కాదు. డాక్టర్ వినోదినిగారికి అనుమానం వచ్చింది. ఆవిడ చెప్పినట్టు మరియరత్నమే పిల్ల నెత్తుట్లో మందు చుక్క కలిపి నా కింద పెట్టింది. కాసేపటికి గుండ్రటి కణాలు కొడవళ్లలా వంగాయి. తన నెత్తురూ చూసుకుంది. అందులోనూ వంగాయి.

విశాఖకు పంపిన నెత్తురు రిపోర్టు వచ్చాక డాక్టరు విడమరిచి చెప్పింది. కణాలు ఇలా వంగే లక్షణం తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే వస్తే మలేరియా అంత తేలిగ్గా ప్రాణం తీయలేదట. అలా బతికి బట్టకట్టినవాళ్ల వల్లే అది వేల ఏళ్లుగా తరాలు దాటి వచ్చిందట. కృపావతికి వచ్చినట్టు ఇద్దరి నుంచీ వస్తే మాత్రం బిడ్డకు ఈ కొడవలి కణాల జబ్బు.

మరియరత్నం రిపోర్టు మడిచి పక్కన పెట్టింది.

"అంటే, నన్ను దాచిందే నా పిల్లని కోసేస్తోందా డాక్టరమ్మా? దేవుడిలాగెందుకు చేసేడు?"

"నాకు తెలీదు రత్నం. సిలువ మీద ఆయన కుమారుడు కూడా నన్నెందుకు విడిచావనే అడిగాడు. అక్కడ జవాబు వచ్చినట్టు రాయలేదు."

ఆ తర్వాత ఏడాదిపాటు మరియరత్నం చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేవలేదు. పని మాత్రం ఒక్కరోజూ మానలేదు. సెలవుల్లో కొండ మీది ఊళ్లకు వెళ్లి పిల్లల రక్తం తెచ్చి నాకు చూపించేది. జబ్బున్న పిల్లలు ముందే దొరికారు, మందులు మొదలయ్యాయి. కృపావతి కూడా నొప్పులు తగ్గి బడికి వెళ్లసాగింది. నా గాజుకు ఇంతకన్నా మంచి పని దొరికేది కాదు.

కొత్త యంత్రం వచ్చాక నన్ను కృపావతి చదివే హైస్కూలుకు ఇచ్చేశారు. పంపే రోజు తల్లీకూతుళ్లు నన్ను తుడుస్తున్నారు. తానెందుకిలా పుట్టిందని పద్నాలుగేళ్ల కృపావతి అడిగింది. తల్లి ఏదీ దాచకుండా, తన తమ్ముడి సంగతితో సహా చెప్పింది.

పిల్ల తుడిచే గుడ్డ పక్కన పెట్టింది. "అయితే అది నీలో లేకపోతే నువ్వూ మావయ్యలాగే పోయేదానివేమో కదమ్మా. నువ్వుండిపోయేవు. నాకది చాలు."

మరియరత్నం ఏదో చూస్తున్నట్టు గబుక్కున నా మీదకు వంగి, కన్ను ఆనించింది. కింద స్లైడు లేదు. నేను వెలుతురు మాత్రమే చూపించగలిగాను. ఆమె చాలాసేపు చూసింది.