మందుల కొట్టు నుంచి మందు కొట్టుకి

ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరేదో ఉండే ఉంటుంది గానీ, వీధి వీధంతా కాంపౌండరు గారనే పిలిచేది. ముప్పై ఒక్కేళ్ళు ఒకే మందుల కొట్టులో, వెనక గదిలో నిలబడి, జ్వరానికో రంగు, దగ్గుకో రంగు కలిపి సీసాల్లో పోసిచ్చిన మనిషి. ఇప్పుడన్నీ సీలు వేసి వస్తున్నాయి, కలిపేవాడితో పనిలేదు. చివరికి కొట్టే మూతపడింది.

ఇంట్లో కూర్చున్నవాడు ఊరికే కూర్చున్నాడా? కూరలో నూనె తను కొలిచి పోస్తానన్నాడు. ఉప్పు తూచి వేస్తానన్నాడు. మూడో వారానికి భార్య రెండు చేతులూ జోడించింది.

"ఏవండీ, మీకు పుణ్యముంటుంది. ఏదన్నా పని చూసుకోండి. నా వంటింటికి విముక్తి ప్రసాదించండి."

ఆ మధ్యాహ్నమే అక్క కూతురు ముఖం వేలాడేసుకుని వచ్చింది. స్టేషను ఎదురుగా ఉన్న హోటల్లో, బారు కౌంటరు వెనక పని ఆ అమ్మాయిది. పానీయాలు కలపడంలో చెయ్యి తిరిగినదే. కానీ కొత్త యజమానురాలు పాతకాలపు కాక్‌టెయిళ్ళు ఆరు ఏరి జాబితాలో పెట్టించింది. అన్నిట్లోనూ ఆబ్సింత్ పడాలి. సోంపు వాసనతో, ఆకుపచ్చగా, నిప్పులా ఉండే సారా అది.

"ఒక్క గుక్క తాగి గ్లాసు వెనక్కి తోసేస్తున్నారు మామయ్యా. దగ్గుమందులా ఉందట! శుక్రవారం మేడం స్వయంగా రుచి చూస్తానంది. బాగాలేకపోతే ఆరూ తీసేస్తుంది. నన్ను కౌంటరులో ఉంచుతుందో లేదో కూడా తెలీదు."

కాంపౌండరు చెవులు నిక్కబొడుచుకున్నాయి. "ఏ దగ్గుమందు? పొడి దగ్గుకిచ్చేదా, కఫానికిచ్చేదా?"

అంత దిగుల్లోనూ ఆ పిల్ల ఫక్కున నవ్వింది. "నువ్వే వచ్చి చూడరాదూ?"

ఆయన భార్య వంక చూశాడు. జన్మలో చుక్క ముట్టినవాడు కాదు. ఆవిడ నవ్వాపుకుంటూ, "మందుల కొట్టు పోయి మందు కొట్టు వచ్చింది. ఒక్క అక్షరమేగా తేడా, వెళ్ళి రండి. నోట్లో వేసుకున్నారో, పడక గుమ్మం బయటే," అంది.

మర్నాడు పొద్దున పదకొండింటికి వెళ్ళాడు. కుర్చీలన్నీ బల్లల మీద తలకిందులుగా ఉన్నాయి. నేల ఇంకా తడిగా ఉంది. మేనకోడలు ఆబ్సింత్ అడిగినప్పుడల్లా పోసే నాలుగు సీసాలు తెచ్చి కౌంటరు మీద పెట్టింది.

"అన్నీ ఒకటే మామయ్యా. అన్నీ సోంపు వాసనే. నీళ్ళు పోస్తే అన్నీ తెల్లబడతాయి. ఏది చేతికందితే అది పోస్తాం."

"చేతికందితే!" గుండె మీద చెయ్యి వేసుకున్నాడాయన. నాలుగు గ్లాసుల్లో తలా కాస్త పోసి, చొక్కా జేబులోంచి గాజు డ్రాపరు తీసి, చన్నీళ్ళు చుక్క చుక్కగా వేశాడు. నాలుగూ పాలలా మారాయి.

"సోంపు నూనె సారాలో కరుగుతుంది, నీళ్ళు కలిస్తే విడిపోతుంది. అంతే. తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్ళు అనుకుంటే ఎలా తల్లీ?"

ఒక్కొక్కటీ వాసన చూశాడు. మొదటిదాన్లో సోంపు వెనక మాచిపత్రిలాంటి చేదు తగిలింది. రెండోదాని దగ్గర ఆగిపోయాడు. మళ్ళీ చూశాడు. ముప్పై ఒక్కేళ్ళ వెనక గది మొత్తం ముక్కులోకి వచ్చేసింది.

"అతిమధురం! వీడే దొంగ. దగ్గుమందులో ఉండేది ఇదేనమ్మా. ఇది పోస్తే దగ్గుమందు కాక పన్నీరవుతుందా?"

మూడోది పానకంలా తియ్యటి వాసన. దాన్ని పోస్తూ పంచదార పాకం కూడా మామూలుగానే పోస్తున్నారట. నాలుగోది ఉత్త సోంపు. మాచిపత్రి చేదు లేనిది ఆబ్సింతే కాదు, అది ఉన్నది మొదటి సీసాలోనే.

"సరే, నీ జాబితాలో మొదటిది, ఆ సాజరాక్, ఎలా కలుపుతావో చూపించు."

ఆ అమ్మాయి విస్కీ, పంచదార, బిటర్స్ అనే చేదు చుక్కలు ఐసుతో కలిపింది. ఇంకో చల్లటి గ్లాసులో ఆబ్సింత్ పోసి, లోపలంతా తడిచేలా తిప్పింది. ఆ పైన విస్కీ వంపబోయింది.

"కాక్‌టెయిళ్ళ పుస్తకంలో కూడా అలాగే ఉందా?"

ఆమె కాస్త సిగ్గుపడింది. "తిప్పాక పారబొయ్యమని ఉంది. ఖరీదైన సరుకు, పారబొయ్యడానికి ఎవరికీ మనసొప్పక..."

"పూతమందు ఎవరైనా మింగుతారుటే?"

పారబోసింది. మిగిలింది పోసి, నిమ్మతొక్క పిండి, చెంచాతో రుచి చూసింది. ఇంకో చెంచా తీసుకుంది.

జాబితాలో రెండోదాని పేరు వినగానే ఆయనకి నవ్వొచ్చింది. కార్ప్స్ రివైవర్ అట, శవాన్ని లేపి కూర్చోబెట్టేది. జిన్ను, తియ్యటి నారింజ లిక్యూరు, తెల్ల వైను, నిమ్మరసం, పైన కాస్త ఆబ్సింత్. మూడు చుక్కలు చాలని ఆయన తేల్చేశాడు.

"నిమ్మరసమే తెలుస్తోంది మామయ్యా."

"మూడు చాలు."

"చాలదు. శవం కాదుగదా, కునికిపాట్లు పడేవాడు కూడా లేవడు."

ఆయనకి చురుక్కుమంది. ఇన్నేళ్ళలో ఆయన కొలతకి ఎదురు చెప్పినవాళ్ళు లేరు. రోగులు మూతి ముడుచుకుని మింగేవాళ్ళు, అంతే. కానీ ఇక్కడ తన ముక్కు ఎంతదైనా, నాలుక ఆ పిల్లదే. ఐదు చేశాడు. ఎనిమిది దగ్గర ఆమె కళ్ళు మూసుకుని తలూపింది.

శుక్రవారం నాలుగింటికి యజమానురాలు వచ్చింది. మాట పొదుపు మనిషి. ఆరు గ్లాసులూ వరసగా రుచి చూసింది. ఆబ్సింత్ మీద షాంపేను పోసిన ఆఖరిదాన్ని పక్కకి జరిపి, "ఇది తీసెయ్యి, మిగతావి ఉండనీ," అంది. సాజరాక్ గ్లాసు మాత్రం కింద పెట్టలేదు. "ఏం మార్చావు?"

మేనకోడలు మూలన నిలబడ్డ మనిషిని చూపించింది. "మా మామయ్య మేడం. కాంపౌండరు."

"మీరు తాగుతారా?"

"లేదండీ. కలుపుతానంతే."

ఆవిడ మొదటిసారి నవ్వింది. ఇక్కడి పిల్లలకి కొలతలు నేర్పడానికీ, కొనుక్కొస్తున్న చేదు చుక్కలు ఇక్కడే తయారు చెయ్యడానికీ వారానికి మూడు పూటలు రాగలరా అని అడిగింది. ఇంట్లో అడిగి చెబుతానన్నాడాయన.

ఇంట్లో భార్య ఆయన నోటి దగ్గర వాసన చూసి, తృప్తిపడి, "ఏడు పూటలూ రమ్మనలేదా?" అంది.

సోమవారం పొద్దున చేదు చుక్కల కోసం మామా మేనకోడళ్ళిద్దరూ ఎండిన నారింజ తొక్కలు, చేదు వేర్లు, కాస్త సోంపు పెద్ద జాడీలో వేసి, మునిగేదాకా సారా పోశారు. ఆమె గట్టిగా మూత బిగించింది.

"ఎన్నాళ్ళు పడుతుంది మామయ్యా?"

"ఇరవై ఒక్క రోజులు. రోజూ ఒకసారి కుదపాలి. నేను రాని రోజున నువ్వు మర్చిపోకు."

"ఆ తర్వాత?"

"వడకట్టి చూద్దాం. బాగా రాకపోతే ఇంకో రకం తొక్కతో మళ్ళీ మొదలెడదాం," అంటూ ఆయన జాడీని ఎండ తగలని అరలోకి మెల్లగా జరిపాడు.