మా వంతు వైను

బస్సు కోదాడ దాటి సూర్యాపేట వైపు మళ్లగానే జనార్దన్ ముందు సీటులోంచి లేచి, కడ్డీలు పట్టుకుంటూ వెనక్కి వచ్చాడు. అతని చేతిలోని గుడ్డసంచిలో రెండు సీసాలు ఒకదానికొకటి తగిలి చప్పుడవుతున్నాయి.

"రజితమ్మా, జర నీ బ్యాగుల ఒకటి, మీ అత్త బ్యాగుల ఒకటి పెట్టుకో. ఓడెక్కినంక నేనొచ్చి తీసుకుంట" అన్నాడు.

అడిగినట్టు లేదు, అప్పగించినట్టుంది.

"ఏందియి సార్?"

"వైను. ఆ ఓడల ఒక రూలున్నది. మనిషికొక వైను సీసా తీస్కపోవచ్చు. విస్కీ గిస్కీ నడవదు. లోపల కొందమంటే మస్తు రేటు. మీరెట్లనూ తాగరు గదా, మీ వంతు ఉత్తగనే పోతది."

జనార్దన్ మిర్యాలగూడలో పురుగుమందుల డిస్ట్రిబ్యూటరు. చుట్టూ ఉన్న మండలాల దుకాణాలకు సరుకు అతని గోదాము నుంచే వెళ్లాలి. నేరేడుచర్లలో రజిత నడిపే చిన్న దుకాణానికి కూడా అంతే. తండా కోడలు మందుల దుకాణం పెడితే గడప ఎవరు తొక్కుతారని మొదట్లో నవ్వినవాళ్లున్నారు. ఈ ఏడు మందుల కంపెనీ పెట్టిన పోటీలో ఆ నవ్వినవాళ్లందరి కంటే ఎక్కువ సరుకు అమ్మింది ఆమే. ముంబై నుంచి గోవా దాకా పోయి వచ్చే పెద్ద ఓడలో ఆమెకు రెండు సీట్లు వచ్చాయి. సీట్లు వచ్చిన మిగతా డీలర్లు భార్యలను వెంటబెట్టుకుని బయలుదేరారు. రజిత భర్త బాలాజీ మిర్యాలగూడ డిపోలో బస్సు డ్రైవరు. అతనికి సెలవు దొరకలేదు.

"అమ్మను తీస్కపో. సముద్రం ఎట్లుంటదో సూస్తది" అన్నాడతను.

జనార్దన్ అప్పుడే ఒక మాట వేసి చూశాడు. "ఆడోళ్లు ఇద్దరే ఏం పోతరు రజితమ్మా. నీ టికెట్ల మీద వేరేటోళ్లను పంపుదం. నీకు మంచి మిక్సీ ఇప్పిస్త." రజిత ఒక్కటే జవాబిచ్చింది: "అమ్మింది నేను. పోయేది నేనే."

ఇప్పుడు మళ్లీ ఇది. రజిత బస్సులో చుట్టూ చూసింది. డీలర్ల భార్యల బ్యాగులన్నీ అప్పటికే సీసాలతో ఉబ్బి ఉన్నాయి. జనార్దన్ భార్య జానకమ్మ ఒళ్లో బ్యాగు పెట్టుకుని కూర్చుంది. రజిత చూపు తగలగానే కిటికీలోంచి బయటకు చూడసాగింది.

నిజానికి ఆ నిమిషం దాకా రజితకు వైను ధ్యాసే లేదు. జన్మలో దాని వాసన కూడా చూడలేదు. అయినా ఆ 'ఎట్లనూ' అన్న మాట దగ్గర ఆమెకు చుర్రుమంది.

"మేం తాగమని మీకెవరు చెప్పిన్రు సార్?"

కోదాడలో ఎక్కిన నర్సయ్య అనే పెద్ద డీలరు గొంతు సవరించుకున్నాడు. జనార్దన్ నవ్వేశాడు.

"అట్లనా! తండాలల్ల సారా తాగేటోళ్లకు వైనెందుకమ్మా, నాలుక్కే ఎక్కదు."

"ఇప్పుడే తాగరంటిరి, ఇప్పుడే తాగేటోళ్లంటిరి. ఏదో ఒక మాట మీద ఉండున్రి సార్. నా బ్యాగుల నా సీసా పెట్టుకుంట."

పక్కన రంగి, రజిత అత్త, విషయమేంటని లంబాడీలో అడిగింది. రజిత చెప్పింది. అరవై దాటిన ఆ మనిషి అంతా విని, జవాబు మాత్రం అందరికీ అర్థమయ్యేలా తెలుగులో ఇచ్చింది.

"నా వంతు నేనెవ్వరికియ్య."

జనార్దన్ మొహం మాడ్చుకుని తన సీటుకు పోయాడు.

సూర్యాపేటలో చాయ్ కోసం బస్సు ఆగింది. అందరూ హోటల్లోకి పోతుంటే రజిత అత్త చేయి పట్టుకుని రోడ్డు దాటింది. ఎదురుగా వైన్స్ షాపు షట్టర్ అప్పుడే ఎత్తారు. కౌంటరు ముందు ఇనుప జాలీ. దాని దగ్గర నిలబడ్డ మగవాళ్లు వీళ్లిద్దరినీ చూసి పక్కకు జరిగారు. మర్యాదకో, మైల అనుకునో తెలియలేదు. రజిత చెంపలు వేడెక్కాయి. ఎవరైనా రైతు చూస్తే? చూడనీ. ఆమె జాలీకి దగ్గరగా పోయి నిలబడింది.

"ఏం గావాలమ్మా, క్వార్టరా?" లోపలి మనిషి తలెత్తకుండానే అడిగాడు.

"వైను. రెండు సీసాలు."

అతను తలెత్తాడు. "వైనా?"

"బోర్డు మీద వైన్స్ అని రాసుకున్నరు గద అన్నా. అదే."

జాలీ దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. లోపలి మనిషి స్టూలెక్కి పై అర వెతికి, దుమ్ము పట్టిన రెండు ఎర్ర వైను సీసాలు దించాడు. గుడ్డతో తుడుస్తూ అడిగాడు. "ఎవరికమ్మా?"

"ఒకటి నాకు. ఒకటి మా అత్తకు."

సీసాలకు కాగితం చుట్టి ఇవ్వబోతే రజిత వద్దంది. చెరొక సీసా చేతపట్టుకుని ఇద్దరూ రోడ్డు దాటి వచ్చారు. హోటలు మెట్ల మీద చాయ్ తాగుతున్న డీలర్లు గ్లాసులు పట్టుకుని అట్లాగే చూస్తుండిపోయారు.

ముంబై ఓడరేవులో సామాను యంత్రంలోంచి పోయింది. వైను సీసాలను వదిలేశారు గాని, మగవాళ్లు లుంగీల మధ్య, తువ్వాళ్ల మధ్య దాచిన విస్కీ సీసాలు ఒక్కటీ మిగలలేదు. అక్కడి సిబ్బంది వాటిని తీసి బల్ల మీద పేర్చి, దిగేటప్పుడు ఇస్తామని చీటీలు చేతిలో పెట్టారు. జనార్దన్ వాళ్లతో ఇంగ్లీషులో, హిందీలో, చివరికి తెలుగులో కూడా వాదించాడు. రజిత, రంగి తమ సీసాలు బ్యాగులో సర్దుకుని ముందుకు నడిచారు.

ఓడ అంటే రంగి పడవలాంటిదేదో అనుకుంది. తీరా చూస్తే మిర్యాలగూడ బజారంతా తెచ్చి నీళ్ల మీద నిలబెట్టినట్టుంది. లిఫ్టులు, దుకాణాలు, ఈతకొట్టే తొట్టి. ఆమె సాయంత్రం దాకా పై అంతస్తులో కటకటాలు పట్టుకుని సముద్రాన్నే చూసింది. ఎంత పిలిచినా కదల్లేదు.

ఆ సాయంత్రం భోజనాల హాల్లో రజిత తన సీసా బల్ల మీద పెట్టింది. వెయిటరు వంగి, సొంత సీసా ఇక్కడ తెరిస్తే దానికి విడిగా చార్జీ ఉంటుందని హిందీలో చెప్పాడు. పక్క బల్ల నుంచి జనార్దన్ గట్టిగా అన్నాడు. "చార్జీ గట్టి తాగుతరా, ఊకుంటరా?"

"తెరువు బాబూ" అంది రజిత.

రెండు గ్లాసుల్లో ఎర్రగా పోశాడు. రంగి ఒక గుటక వేసి మొహమంతా ముడుచుకుంది.

"నేరేడు పండ్లు మురగబెట్టి చింతపండు పిసికినట్టున్నది. దీనికేనా గింత లొల్లి?"

రజితకూ నచ్చలేదు. నాలుక మీద వగరు. అయినా గ్లాసు దించబుద్ధి కాలేదు. ఇద్దరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు ఆగలేదు. అప్పుడే సూర్యాపేట నుంచి వచ్చిన నవీన్ అనే కుర్ర డీలరు ఫోను ఎత్తి పట్టుకోవడం రజిత చూసింది. చూసి కూడా గ్లాసు దాచలేదు.

మర్నాడు పొద్దున ఓడ గోవా చేరేసరికి సిగ్నల్ అంది ఫోన్లకు ప్రాణం వచ్చింది. డీలర్ల గ్రూపులో వీడియో ఉంది. కింద 'నేరేడుచర్ల మేడం ఫుల్ జోష్' అని రాసి ఉంది. దాని కింద నవ్వు బొమ్మలు. మరికాసేపటికి బాలాజీ ఫోను.

"డిపోల అందరు సూసిన్రు" అన్నాడు. "అమ్మకు గూడ తాపినవా?"

"నేను తాపలే. ఆమె వంతు ఆమె తాగింది."

"జర ఇజ్జత్ సూస్కోవాలె గద రజితా."

"ఆ సీసాలు వాళ్ల కోసం మోస్తె ఇజ్జతుండేదా? మోసేటప్పుడు లేని తప్పు తాగినప్పుడెట్ల వచ్చింది?"

అతను ఫోను పెట్టేశాడు. రజితకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరేమన్నా తట్టుకోగలదు గాని, భర్తే ఆ మాట అంటే ఆమెకు కష్టం. రంగి ఫోను లాక్కుని కొడుక్కి తనే కలిపింది.

"ఏరా, తండాల సీత్ల పండుగకు నాకు సారా నువ్వే తెచ్చి పోస్తివి గదరా. అప్పుడు లేని ఇజ్జత్ ఇప్పుడెక్కడిది? ఆ డ్రైవర్లకు చెప్పు, మా అమ్మ ఓడల తాగిందని. బువ్వ తిని డ్యూటీకి పో." ఫోను కోడలికి తిరిగి ఇచ్చేసింది.

ఆ సాయంత్రం గదిలోనే తిందామా అనుకుంది రజిత. హాల్లోకి పోతే అన్ని కళ్లూ తమ మీదే ఉంటాయి. కాసేపు మంచం మీద కూర్చుంది. తర్వాత లేచి మంచి చీర కట్టుకుంది, రెండో సీసా తీసుకుంది. హాలు మధ్యలో ఉన్న బల్ల చూసి అక్కడే కూర్చుంది.

మగవాళ్లు తెచ్చుకున్న వైనంతా మొదటి రోజే ఖతమైంది. జనార్దన్ లేచి వచ్చాడు. ఈసారి గొంతు మెత్తగా ఉంది.

"మీ అత్తకు నచ్చలేదంట గదా. ఆ సీసా ఇటియ్యి రజితమ్మా. ఊకె పారబోసుకుంటరెందుకు?"

రంగి సీసాను దగ్గరకు జరుపుకుంది. "నచ్చలే. అయినా మాదే."

"ఊరికి పోయినంక నా గోదాముకే రావాలె గదా" అన్నాడు జనార్దన్, రజిత వైపు మాత్రమే చూస్తూ. "యాదుంచుకో."

"యాదుంటది సార్. మీరు గూడ యాదుంచుకోన్రి."

వానాకాలం పంట దగ్గరపడుతున్న రోజులు. సరుకు ఆపితే దుకాణం మూతపడుతుంది. అది తెలిసే అన్నాడతను. అది తెలిసే ఆమె జవాబిచ్చింది.

అప్పుడు కుర్చీ జరిగిన చప్పుడైంది. జానకమ్మ వచ్చి వాళ్ల బల్ల దగ్గర కూర్చుంది. పట్టుచీర, మెడలో బరువైన గొలుసులు. పెళ్లయిన నాటి నుంచి పెనిమిటి ముందు గట్టిగా మాట్లాడి ఎరగని మనిషని మిర్యాలగూడలో పేరు.

"నాకో గ్లాసు పొయ్యి రజితా."

"జానకీ, లే" అన్నాడు జనార్దన్.

ఆమె లేవలేదు. "నా బ్యాగులున్న సీసా గూడ నా వంతే గదా. పెట్టేటప్పుడు నన్ను అడగలే, తీసేటప్పుడు నాకు చెప్పలే. వీళ్లు అడగంగనే చెప్పిన్రు, 'ఇయ్యం' అని. నేను ముప్పై ఏండ్ల సంది చెప్పలే."

నవీన్ ఫోను మళ్లీ పైకి లేచింది. జానకమ్మ అటు తిరిగింది.

"తియ్యి నవీన్, మంచిగ తియ్యి. నా మొకం గూడ కనపడాలె."

ఫోను నెమ్మదిగా కిందికి దిగిపోయింది. జనార్దన్ భార్య చేయి పట్టుకోబోయి, హాలంతా చూస్తోందని ఆగిపోయాడు. తర్వాత విసవిసా బయటకు నడిచాడు.

జానకమ్మ ఒక గుటక మింగి కళ్లు గట్టిగా మూసుకుంది. "అబ్బో, ఇదేం పులుపమ్మా!"

రంగి పకపకా నవ్వింది. సీసా అయిపోయాక జానకమ్మ వెయిటర్ను పిలిచి తియ్యటిది ఏమైనా ఉందా అని రజితతో అడిగించింది. తెల్లగా ఉండే తియ్యటి వైను ఉందన్నాడు. రజిత ఓడలో బిల్లులు పడే తన గది కార్డు తీయబోతే జానకమ్మ ఆపింది.

"ఈ సీసా నేను కొంట. కార్డు మా ఇద్దరిది గదా, ఆయనొక్కనిది గాదు."

ఆ తియ్యటిది రంగికి నచ్చింది. కిటికీ అద్దం అవతల గోవా దీపాలు వెనక్కి పోతుంటే ఆమె తండాలో పాడే పాట ఒకటి ఎత్తుకుంది. జానకమ్మకు మాట అర్థం కాకపోయినా చప్పట్ల తాళం మాత్రం తప్పలేదు.

తిరిగి వచ్చాక జనార్దన్ అన్నంత పనీ చేశాడు. నేరేడుచర్ల దుకాణానికి ఇవ్వడానికి సరుకు లేదని గోదాము గుమస్తాతో చెప్పించాడు. రజిత బతిమాలలేదు. కంపెనీ వాళ్లకు ఫోను చేసి, తనను సూర్యాపేట డిస్ట్రిబ్యూటరు కిందికి మార్చమని పట్టుబట్టింది. పోటీలో గెలిచిన డీలరును వదులుకోవడం వాళ్లకూ ఇష్టం లేదు. దారి దూరమైంది, రవాణా బరువైంది, మొదటి వారం అరలు సగం ఖాళీగానే ఉన్నాయి. బాలాజీ ముభావంగానే ఉన్నాడు. కానీ తన ఆఫ్ రోజున పొద్దున్నే లేచి, ట్రాలీ ఆటో కిరాయికి మాట్లాడి, తనే సూర్యాపేట పోయి సరుకు తెచ్చాడు. పెట్టెలు దించుతూ దించుతూ ఆగి అడిగాడు.

"అమ్మ చెప్పిన ఆ తెల్ల వైనేనా మంచిగుండె?"

"అదే. ఎర్రది దండుగ" అంది రజిత.

అతను ఇంకో పెట్టె ఎత్తుకున్నాడు.

ఆ మధ్యాహ్నం మల్సూర్ అనే రైతు వచ్చాడు. దుకాణంలో ఇంకో నలుగురున్నారు. అతను కౌంటరు మీద మోచేతులు ఆన్చి, అందరికీ వినపడేలా అడిగాడు.

"ఓడల మందు తాగినవంట గద చెల్లే?"

పెట్టెలు సర్దుతున్న బాలాజీ తల తిప్పకుండానే వింటున్నాడని రజితకు తెలుసు. ఆమె చేతిలోని సీసా అరలో పెట్టి ఇటు తిరిగింది.

"తాగినన్నా. నేనూ తాగిన, మా అత్తా తాగింది. ఇగ నీ పొలానికేం మందు గావాలె, అది చెప్పు."