చెయ్యెత్తని ఆటగాడు

మ్యాచ్ రోజు జట్టంతా కోచ్ ఇంట్లో ఉప్మా తిని మైదానానికి బయల్దేరాలి. బోయిగూడలోని ఆ ఇంట్లో ఇది మాధురి కాపురానికి రాకముందు నుంచీ ఉన్న ఆనవాయితీ. మెడలో పసుపుతాడు ఇంకా పచ్చగానే ఉన్న మాధురికి మాత్రం అన్నీ కొత్తే. పక్కింటి నుంచి అడిగి తెచ్చిన పెద్ద గిన్నె కొత్త. నడిచినప్పుడల్లా గచ్చు మీద టిక్కుటిక్కుమనే తన మెట్టెల చప్పుడు కొత్త. ఆ చప్పుడు వినడానికే పని లేకపోయినా హాల్లోకీ వంటింట్లోకీ తిరుగుతుంది. అన్నిటికంటే కొత్తది వంటింటి గోడకున్న ఫ్యాను. పోపు ఘాటుకి ఆమె దగ్గడం చూడలేక భర్త హరికిషన్ స్టూలెక్కి స్వయంగా బిగించాడు. ఇంత పొగనీ అంత చిన్న ఫ్యాను బయటికి లాగేస్తుంటే చూసి మురిసిపోవడం ఆమెకి రోజూ ఉన్నదే.

ఆ రోజు మాత్రం మురిసిపోవడానికి మనసు రాలేదు. హరికిషన్ లేచింది మొదలు హాల్లోకీ గుమ్మంలోకీ తిరుగుతూనే ఉన్నాడు. అతను డిగ్రీ కాలేజీలో ఫుట్‌బాల్ కోచ్. ఇవాళ అంతర కళాశాలల పోటీ ఫైనల్. కప్పు రాకపోతే వచ్చే ఏడాదికి వేరే కోచ్‌ని చూసుకుంటామని కరస్పాండెంట్ రామ్మోహనరావు ముందే చెప్పేశాడు. ఆయన ఇప్పుడు వాళ్ళ హాల్లోనే కూర్చుని ఉప్మా తింటున్నాడు.

"మీ ఆయన మంచోడేనమ్మాయ్," అన్నాడాయన, మాధురి నిమ్మకాయ బద్ద వేస్తుంటే. "కాకపోతే మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్ పిల్లల్ని తెచ్చి మూడేళ్ళు సానబెడతానంటాడు. నాకంత ఓపిక లేదు. వైజాగ్ వెళ్ళాను, ఆడేవాణ్ణి చూశాను, సీటిచ్చి తెచ్చాను. అయిపోయింది."

"తెచ్చుడు అయింది సార్," అన్నాడు హరికిషన్ గుమ్మం దగ్గర నిలబడి. "టీమ్‌ల కలుపుడు కాలే."

"గోల్ కొట్టడానికి చుట్టరికం కలపాలా ఏంటయ్యా?"

కుర్రాళ్ళు నవ్వు బిగబట్టారు. వైజాగ్ నుంచి తెచ్చిన ఉదయ్‌కిరణ్ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. నవ్వలేదు. లీగ్ మ్యాచ్‌ల్లో గోల్స్ దాదాపు అన్నీ అతనివే. మాధురి ప్లేటు అందిస్తే తలెత్తి అడిగాడు.

"అక్కా, మీదే ఊరు?"

తనవైపు యాస విన్నందుకే ఆమెకి ప్రాణం లేచొచ్చింది. "మాది పాలకొల్లు. ఇప్పుడు మావాళ్ళు అల్వాల్లో ఉంటున్నారు."

పక్కనే కూర్చున్న కెప్టెన్ విశ్వతేజ నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి ఉంది. "నిన్న ప్రాక్టీసుల ఇద్దరం ఒక్కటే బాల్‌కు ఎగిరినం వదినా. వీనిది తల కాదు, కొబ్బరికాయ. నేను చెయ్యెత్తి బయట కూసున్న. వీడు దులుపుకొని ఉరికిండు."

చెయ్యెత్తడం హరికిషన్ పెట్టిన నియమం. అతని దగ్గర చేరినవాడికి బంతి తన్నడం కంటే ముందు నేర్పేది అదే. దెబ్బ తగిలితే చెయ్యెత్తాలి, ఎత్తినవాణ్ణి చూసి ఎవ్వరూ నవ్వకూడదు.

ఉదయ్ రెండు ముద్దలు తిని, ప్లేటు పక్కన పెట్టి, పెరటి కుళాయి దగ్గరికి పోయి వాంతి చేసుకున్నాడు.

"ఊరోళ్ళ కండ్లన్ని పోరని మీదనే ఉన్నయి," అంటూ లేచింది మాధురి అత్తగారు కమలాబాయి. గుప్పిట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ తీసుకుని అతని చుట్టూ తిప్పి, వంటింట్లోకి తెచ్చి పొయ్యి మీద పెనంలో వేసింది. అందరూ గుమ్మంలో గుమిగూడారు. మిరపకాయలు నల్లగా మాడాయి. ఎవరూ దగ్గలేదు. ఎవరి కళ్ళూ మండలేదు.

"చూసిన్రా, జెర ఘాటు సుత రాలే," అంది కమలాబాయి గొంతు తగ్గించి. "ఎంత దిష్టి ఉండెనో. పోయింది ఇగ."

రామ్మోహనరావు దండం పెట్టుకున్నాడు. కుర్రాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. మాధురికీ గుండె తేలికైంది. మంచినీళ్ళ గ్లాసు తీసుకుని ఉదయ్ దగ్గరికి వెళ్ళింది. అతను కిటికీ వెలుతురు తగలకుండా కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"అక్కా, మీదే ఊరు?"

ఇందాక సరిగా వినలేదేమో అనుకుంది. చెప్పింది. అతను తలూపి, గ్లాసు కోసం చెయ్యి చాపాడు. చెయ్యి గ్లాసు పక్కనుంచి పోయింది. గ్లాసు అతని చేతిలో పెట్టి ఆమె వెనక్కి తిరుగుతుంటే, అదే గొంతు, అంతే మర్యాదగా, మళ్ళీ అడిగింది.

"అక్కా, మీదే ఊరు?"

మాధురి గబగబా వంటింట్లోకి నడిచింది. మెట్టెల చప్పుడు ఆమెకి వినపడలేదు. తలెత్తి చూస్తే గోడ మీద ఫ్యాను గిర్రున తిరుగుతోంది. ఉప్మా పోపుకి వేసినది, ఆపడం మర్చిపోయింది. మిరపకాయల ఘాటంతా అదే లాగేసింది. దిష్టీ లేదు, పోవడమూ లేదు.

హరికిషన్‌ని లోపలికి పిలిచి, ఫ్యాను వైపు చూపించింది. అతను ఫ్యాను వైపూ పెనం వైపూ మార్చి మార్చి చూశాడు.

"నిన్నటి దెబ్బేనండీ అది. వాడు నన్ను ఒకే మాట మళ్ళీ మళ్ళీ అడుగుతున్నాడు. గ్లాసు అందుకోలేకపోయాడు. నాకు భయంగా ఉంది."

"అంత తక్లీఫ్ ఉంటే చెయ్యెత్తేటోడు గదా."

"ఎత్తాలని వాడికెవరు చెప్పారు?"

హరికిషన్ పెనంలో మాడిన మిరపకాయల్ని చూస్తూ నిలబడ్డాడు.

"నేను చెప్పలే," అన్నాడు చివరికి. "ఆటొచ్చినోడు, సార్ తెచ్చినోడు, మనం నేర్పేదేముంది అనుకున్న. సార్ మీద కోపం సుత ఉండె."

హాల్లోకి వెళ్ళి అందరి ముందూ అన్నాడు. "ఉదయ్ ఇయ్యాల ఆడడు సార్. దవాఖానకు పోతడు."

"కడుపులో తేడా చేస్తే ఫైనల్ మానేస్తారా?" రామ్మోహనరావు చేతులు తుడుచుకున్నాడు. "బాగా ఆలోచించుకో హరికిషన్. కప్పు లేకుండా రేపు నా గదికి రావద్దు."

"నాకేం లేదు సార్," అంటూ ఉదయ్ లేచాడు. లేచి, గోడ పట్టుకున్నాడు. "ఆడతాను. ఆడకపోతే ఇంటికి పంపేస్తారు."

హరికిషన్ తల అడ్డంగా ఊపాడు. కోచ్ లేకపోతే జట్టుని మైదానంలోకి రానివ్వరు. కాబట్టి హరికిషన్ జట్టుతో వ్యాను వైపు, మాధురి ఉదయ్‌ని పట్టుకుని ఆటో వైపు నడిచారు.

మెట్టుగూడ మెట్రో స్తంభాల కింద ఆటో ఆగిపోయింది. ముందు బస్సు, పక్కన బస్సు. ఉదయ్ తల ఆమె భుజం మీదికి వాలింది. చల్లటి చెమట. నిద్రపోనివ్వకూడదని ఎక్కడో విన్నది గుర్తొచ్చి, అతని చెంప మీద తడుతూ ఏవేవో అడిగింది. బీచ్‌లో ఆడేవాడివా? అమ్మ పేరేంటి? జవాబులు ఒక్కో మాటకి కుంచించుకుపోతున్నాయి. ఇది ఏమీ కాకపోతే భర్త ఉద్యోగం తన మాట మీద పోయినట్టే. ఏమీ కాకూడదని మొక్కుకుంటూనే, ఆ మొక్కు తీరితే ఇంట్లో మొహం ఎలా చూపించాలా అని ఒక్క క్షణం అనిపించి, ఆ అనిపించినందుకు ఒళ్ళంతా సిగ్గుతో మండింది.

"అక్కా, మీదే..." అన్నాడతను. మిగతా మాట రాలేదు.

"పాలకొల్లు నాన్నా, పాలకొల్లు," అంది. "బాబూ, ఎలాగైనా పోనివ్వవా," అని డ్రైవర్ని బతిమాలింది.

ఆసుపత్రిలో స్కాన్ చూసిన డాక్టరమ్మ, పుర్రె లోపల కొద్దిగా రక్తం చేరిందని చెప్పింది. ప్రస్తుతానికి ఆపరేషన్ అక్కర్లేదు, కానీ కనిపెట్టుకుని ఉండాలి. నొప్పి పెరిగితే క్షణం ఆగకుండా చెప్పాలి. "ఈ తలతో ఇంకో బంతి కొట్టుంటే..." అని, వాక్యం పూర్తి చెయ్యకుండా వేరే మంచం వైపు వెళ్ళిపోయింది. మాధురి ఆ సగం వాక్యాన్ని పట్టుకుని బల్ల మీద కూర్చుంది.

పొద్దు వాలుతుండగా హరికిషన్, విశ్వతేజ మట్టి బట్టలతోనే వచ్చారు. వాళ్ళ నడక చూస్తే అడగక్కర్లేదు.

"మంచిగనే ఆడినం వదినా," అన్నాడు విశ్వతేజ. "డిఫెన్సుల ఒక్కడు సుత తప్పు చెయ్యలే. షూటవుట్ల పెనాల్టీ ఒకటి తప్పి ఓడినం, గంతే. కానీ వీడు లేకుంటే గోల్ ఎవడు కొడ్తడు?"

హరికిషన్ జేబులో ఫోను మోగింది. తీసి, రామ్మోహనరావు పేరు చూసి, మోగుతుండగానే జేబులో పెట్టేసుకుని, మంచం పక్కన కూర్చున్నాడు. ఉదయ్ కళ్ళు తెరిచాడు.

"నొప్పి ఉన్నదారా?"

"ఏం లేదు సార్."

"గట్ల చెప్పుడు ఎవరు నేర్పిన్రో నాకు తెల్వదు," అన్నాడు హరికిషన్ మెల్లగా. "ఇన్ని రోజులల్ల నేను ఒక్కటి సుత నేర్పలే నీకు. ఇప్పుడు నేర్పుతున్న, చూడు. నొప్పి లేస్తే గిట్ల." మట్టి అంటిన తన చెయ్యి పైకెత్తి చూపించాడు. "గింతే. ఎవ్వడు నవ్వడు. ఎవ్వడు ఇంటికి పంపడు. పంపితే నేను సుత నీతోనే పోత."

ఉదయ్ ఆ చేతి వైపు చాలాసేపు చూశాడు. తర్వాత విశ్వతేజ నుదుటి బొప్పి వైపు చూశాడు. అప్పుడు దుప్పటి కింద నుంచి, సెలైన్ గొట్టం వేలాడుతున్న చెయ్యి పైకి లేచింది.

మాధురి నర్సు కోసం పరుగెత్తింది. పొడవాటి ఆ వరండా అంతా ఆమె మెట్టెలు టకటకమని మోగాయి.