ప్రతి పాకెట్లో ఒక బస్సు

జహీరాబాద్‌లో గుండయ్య ప్రెస్సు తెరిచేది పొద్దున ఎనిమిదింటికి. అనంతమ్మ అంతకు గంట ముందే వచ్చి మెట్ల మీద కూర్చుంటుంది. ఊరి నుంచి రావాలంటే పాలబండి తప్ప వేరే దారి లేదు, పాలు ఆమె కోసం ఆగవు కదా. షట్టరు లేవగానే చెప్పులు బయట విడిచి, ఝరాసంగం సంగమేశ్వరుణ్ని తలుచుకుని, ఆ రోజు మొదటి షీటును కళ్లకద్దుకుని బల్ల ముందు కూర్చుంటుంది.

ఆ ప్రెస్సువాళ్లు పెళ్లిపత్రికలు మానేసి పిల్లలు ఆడుకునే కార్డులు వేయబట్టి ఏడాదైంది. "జహీరాబాద్ సెట్టు" అని పేరు. మొత్తం ముప్పై బొమ్మలు. ప్రతి కార్డుకూ కింది మూలన ఒక గుర్తు ఉంటుంది. చుక్క ఉంటే మామూలుది, వజ్రం ఉంటే కాస్త అరుదు, నక్షత్రం ఉంటే దొరకడమే కష్టం. చుక్కలవి పద్నాలుగు, వజ్రాలవి పదిహేను, నక్షత్రం ఒక్కటే. ముప్పైయ్యీ జమ చేసినవాడికే సెట్టు నిండినట్టు.

అనంతమ్మ పని పాకెట్లు కట్టడం. నాలుగు చుక్కలు, ఒక వజ్రం పెట్టి అంటించాలి. ముప్పైయారు పాకెట్లయితే ఒక డబ్బా. డబ్బాలో ఒకే ఒక్క పాకెట్లో వజ్రం తీసి నక్షత్రం పెట్టాలి. ఆ నక్షత్రం కార్డు మీద ఉన్నది పల్లెటూరి బస్సు. అంచులకు బంగారు రేకు, ముందర అద్దానికి బంతిపూల దండ. ఆటలో దాన్ని ఏ కార్డూ ఓడించలేదు.

సెట్టు బజారుకు వచ్చినప్పటి నుంచి చుట్టుపక్కల ఊళ్లు దాని ప్రకారమే నడుస్తున్నాయి. చుక్క కార్డుల్లో అల్లం, ఆలుగడ్డ, వీధికుక్క ఉన్నాయి, ఎటు చూసినా అవే. దవాఖాన నర్సమ్మది వజ్రం కార్డు, అందుకని ఆమె పదిహేను రోజులకొకసారి వచ్చి సూదులు వేసి పోతుంది. బస్సేమో ముప్పైయారు రోజులకు ఒకసారి. ఇందులో వింతేమీ ఎవరికీ కనబడలేదు. మొగుడంపల్లి దిక్కు ముసలివాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టుకుని, "ఈసారి బస్సు అమాసనాడు పడ్డది" అనుకుని సంచులు సర్దుకునేవారు.

అనంతమ్మ బిడ్డ దీక్షిత జహీరాబాద్‌లోనే డిగ్రీ రెండో ఏడు. ఊరికీ కాలేజీకీ నడుమ తొమ్మిది కిలోమీటర్లు. పాలబండిలో డ్రైవరు పక్కన ఒక్కరికే జాగా. అందులో తల్లి కూర్చుంటేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. దీక్షిత కొన్నాళ్లు నడిచింది. వానలకు దారి తెగాక ఆ నడకా ఆగింది. హాజరు యాభై ఎనిమిది శాతానికి దిగింది. డెబ్బై అయిదు లేకుంటే హాల్‌టికెట్ ఇవ్వమని కాలేజీ నుంచి కాగితం వచ్చింది. మిగిలిన రోజుల్లో ఒక్కటీ తప్పకుండా వస్తే అందుకోవచ్చని కూడా అందులోనే రాశారు.

ఆదివారం అన్నాల దగ్గర తండ్రి నర్సింగ్ ఆ కాగితం మడిచి అవతల పెట్టాడు. "ఇగ చాలు తియ్. అల్లం కడిగే షెడ్డుల మనుషులు కావాల్నంటున్రు. బిడ్డను రేపటి సంది పోనీ."

"పోత తియ్ నాయినా, అల్లం ఎటు పోతది. ముందుగాల అమ్మను ఒక మాట అడగనీ," అంది దీక్షిత. "అమ్మా, బస్సు కార్డు డబ్బల ఎవరు పెడ్తరే?"

"నేనే గదా."

"ఎన్ని పెడ్తవ్?"

"ఒక్కటి."

"మరి బస్సెందుకొస్తలేదని దినాం ఆ సంగమేశ్వరుణ్ని సతాయిస్తవేంది?"

నర్సింగ్ మొఖం పక్కకు తిప్పుకుని నవ్వాడు. అనంతమ్మకు నవ్వు రాలేదు. కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఆమె ఇంట్లో చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. బంగారు రేకు అద్దే మిషను నడపాలంటే తక్కువలో తక్కువ ఐదువందల షీట్లు వేయాలి. షీటుకు ముప్పై బస్సులు. డబ్బాలకు పోయేవి అందులో పిడికెడు. మిగిలినవాటిని ప్రతిసారీ అనంతమ్మే కోత మిషను కింద పెట్టి తుక్కు చేయాలి. ఏడాదిగా చేస్తూ వచ్చింది కూడా.

సోమవారం గుండయ్య మిగులు షీట్ల కట్టలు ఆమె బల్ల మీదికి తెప్పించాడు. "అన్ని తుక్కు చెయ్ అనంతమ్మ. ఒక్కటి గూడ బయటికి పోవద్దు," అని చెప్పి పని మీద బీదరు పోయాడు.

అనంతమ్మ అలవాటుగా మొదటి షీటు కళ్లకద్దుకుంది. అద్దుకున్నాక చెయ్యి ఆగింది. దండం పెట్టినదాన్ని ఎట్లా నరకడం? ఇన్నాళ్లూ ఎట్లా నరికింది? షీటును తుక్కు కోసం అడ్డంగా పెట్టలేదు, గీతకు గీత సరిచేసి పెట్టింది. ముప్పై బస్సులు చక్కగా విడివడి బల్ల మీదికి వచ్చాయి. నాలుగు చుక్కలు, ఒక వజ్రం, ఒక బస్సు. అంటించింది. మళ్లీ నాలుగు చుక్కలు, ఒక వజ్రం, ఒక బస్సు.

అచ్చు మిషను నడిపే వెస్లీ అది చూసి దగ్గరికొచ్చాడు. "అక్కా, సేటు చూస్తె?"

"చూడనీ. నువ్వు జర ఆ జిగురు డబ్బ ఇటియ్యి."

మూడు రోజుల్లో ఆ పాకెట్లు కోహీర్, మొగుడంపల్లి, చిరాగ్‌పల్లి దుకాణాలన్నిటికీ చేరాయి. నాలుగో రోజు గుండయ్య గుప్పెడు బస్సు కార్డులు తెచ్చి ఆమె ముందు పడేశాడు.

"ఏంది అనంతమ్మ ఇది? పాకెట్టుకో బస్సా?"

"ఔ సేటు. నేనే పెట్టిన."

"నీకు సమజైతలేదు. అందరికి దొర్కితె దానికి ఇజ్జత్ ఏముంటది?"

"అల్లం దినాం దొర్కుతది. అది లేకుంట మీ ఇంట్ల కూరైతదా?"

"నేను కార్డుల సంగతి మాట్లాడుతున్న."

"నేను గూడ గదే. సెట్టు నింపున్రి అని పోరగాండ్లకు చెప్పేది నువ్వే, నిండకుంట తుక్కు చేయించేది నువ్వే."

"దుకాణాలకెల్లి వాపస్ తెప్పిస్త."

"తెప్పియ్. గీపాటికి అన్ని విప్పుకున్నరు."

గుండయ్య బల్ల మీద చెదిరిన కార్డులు పోగుచేశాడు. "రేపటి సంది పనికి రాకు," అన్నాడు చివరికి.

"రాను. ఎవరినన్న పెట్టుకో. గానీ బస్సులను నరుకుడు ఈ చేతుల కాదు." ఆమె గొంతు పెంచలేదు. కొంగుకంటిన జిగురు గోటితో గీరుకుని, గోడమీది దేవుని పటానికి దండం పెట్టి మెట్లు దిగింది.

మర్నాడు పొద్దున ఆరున్నరకు ఊళ్లోకి బస్సొచ్చింది. దీక్షిత ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. నర్సింగ్ వెనకాలే పోయి కండక్టరును అడిగాడు. "వాపస్ ఎన్నింటికి వస్తది?"

"ఎప్పుడంటె అప్పుడే," అన్నాడు కండక్టరు, ఆవులిస్తూ.

అది మలుపు తిరగకముందే వెనక నుంచి ఇంకొకటి వచ్చింది. ఆ రోజంతా, ఆ మీద ప్రతిరోజూ వస్తూనే ఉన్నాయి. కొందరు దుమ్మని సణిగారు, కోళ్లను కట్టేసుకున్నారు, ఆ తర్వాత వాళ్లూ ఎక్కారు. అల్లం షెడ్డులో తొట్టి ముందు కూర్చున్నది మాత్రం దీక్షిత కాదు, అనంతమ్మ. సాయంత్రానికి వేళ్లు నానిపోయి మండుతుంటే కొబ్బరినూనె రాసుకునేది. గుండయ్య మళ్లీ పనికి రమ్మని రెండుసార్లు కబురు పెట్టాడు. నరికే పని లేదని తన నోటితో చెప్పమను, అప్పుడు చూద్దామంది.

హాజరు డెబ్బై ఆరుకు చేరింది. హాల్‌టికెట్ వచ్చింది.

పరీక్ష రోజు అనంతమ్మ షెడ్డుకు పోలేదు. బిడ్డను ముందర కూర్చోబెట్టుకుని జడ వేస్తోంది. సగం జడ అయ్యేసరికి వాకిట్లో బస్సు హారను మోగింది. నర్సింగ్ గాబరాగా లోపలికొచ్చాడు. "బస్సొచ్చిందే, ఉర్కు, ఉర్కు."

దీక్షిత అద్దంలో నుంచి చూపు తిప్పలేదు.

"పోనీ నాయినా," అంది. "అమ్మా, నువ్వు నిమ్మళంగ వెయ్యి."