మోరిస్ పంపు చప్పుడు

ఆత్మకూరు దాటి ఎంతో దూరం రాలేదు. నా పాత మోరిస్ మైనర్ రెండుసార్లు కుదుపిచ్చి రోడ్డు పక్కన ఆగిపోయింది. తాళం తిప్పాను. బానెట్ కింద పెట్రోలు పంపు టక్ టక్‌మనాలి. అనలేదు.

వెనక సీట్లో మా పక్కింటి సరిత పురిటి నొప్పులు పడుతోంది. బిడ్డ అడ్డం తిరిగింది, ఆలస్యమైతే ఇద్దరూ దక్కరని మా పల్లె నర్సమ్మ వనపర్తి దవాఖానకు తీసుకుపొమ్మంది. అంబులెన్సు ఇంకో కాన్పు మీద పోయింది. ఆటో హన్మంతు ఫోనెత్తలేదు. మిగిలింది నా బండే.

"ఏమైంది సార్?" అంది సరిత అత్త ఈరమ్మ.

"పంపు ఆగింది."

"గిప్పుడే ఆగాల్నా దీనికి! ఇన్నొద్దులు షెడ్ల పండుకున్నది సాల్లేదా?"

ఆమె రోడ్డు మీదికి పోయి రెండు చేతులూ చాపింది. ఒక లారీ హారన్ కొట్టుకుంటూ పక్క నుంచి పోయింది.

ఈ పంపులో రెండు చిన్న లోహపు బిళ్లలు కలుస్తూ విడిపోతూ ఉంటాయి. పాయింట్లంటారు. కలిస్తే కరెంటు పారి పంపు పెట్రోలు లాగుతుంది, విడిపోతే వదులుతుంది. విడిపోయినప్పుడల్లా నిప్పురవ్వ లేచి వాటిని కొంచెం కొంచెంగా తినేస్తుంది. కొత్తవి దొరకడం కష్టం. అందుకే మొన్న, ఆ రవ్వను మింగేలా పాయింట్లకు అడ్డంగా ఒక కండెన్సర్ కట్టాను. ఇక నా జీవితకాలం వస్తాయనుకున్నాను.

అయినా పాయింట్లే మాడాయనుకుని తాళం కట్టేశాను. పంపు మూత విప్పి, ఈరమ్మ చుట్టకు పెట్టుకున్న అగ్గిపెట్టె చించి, గరుకు పక్కతో పాయింట్లను రుద్దాను. తాళం తిప్పాను. చప్పుడు లేదు. మళ్లీ రుద్దాను. లేదు. స్క్రూడ్రైవర్ పిడితో పంపును కొట్టాను. సరిత కేక పెట్టింది. నా భార్య ఉమను ఈ బండిలోనే, ఆ దవాఖానకే తీసుకెళ్లాను. తిరిగి ఒక్కణ్ణే వచ్చాను.

"యేసయ్యా, ఈ బండిని జర లేపు తండ్రీ," అంటోంది ఈరమ్మ.

"సార్," నొప్పికీ నొప్పికీ మధ్య సరిత పిలిచింది. "పరేషాన్ గాకుర్రి. నిమ్మళంగ చూడుర్రి. నేను ఓర్సుకుంట."

ఆ మాటకు నా చేయి పంపు మీద ఆగింది.

"అబ్బా!" చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

పంపు కాలిపోతోంది. పాయింట్లు మాడితే కరెంటు పారదు, చల్లగా ఉండాలి. ఇదేమో ఆగకుండా కరెంటు తాగుతోంది. పాయింట్లు విడిపోయినా కరెంటుకు వేరే దారి దొరికింది. ఇంకేముంది, కండెన్సరే! లోపల షార్టయింది. పాయింట్లను కాపాడుతుందని నేను కట్టిందే పంపును కదలకుండా పట్టుకుంది.

తాళం కట్టేసి, కండెన్సర్ వైరు వేలికి చుట్టుకుని గుంజాను. తెగింది. తాళం తిప్పాను.

టక్. టక్. టక్ టక్ టక్.

ఈరమ్మ పరుగున వచ్చి కూర్చుంది.

వనపర్తి దాకా ఆ చప్పుడు తప్ప ఇంకేమీ వినలేదు. అడ్డు లేని నిప్పురవ్వ ప్రతి చప్పుడుకూ పాయింట్లను కొరుకుతూనే ఉంది. కొరకనీ. ఈ ఒక్క దారికి మిగిలితే చాలు.

సరితను స్ట్రెచర్ మీద లోపలికి తోసుకుపోయారు. ఆ మెట్లు ఎక్కలేక నేను బండిలోనే కూర్చున్నాను. చాలాసేపటికి ఈరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ వచ్చింది. నేను తలుపు తెరిచి దిగాను.

"ఆడపిల్ల, సార్. కడుపు కోసి తీసిన్రు. ఇద్దరు బాగనే ఉన్నరు." ఆమె నా చెయ్యి వైపు చూసింది. "కండ్లు తెర్సినంక సరిత ఏమడిగిందో ఎర్కేనా? సార్ చెయ్యి కాలింది గదా, మందు రాసుకున్నడా, అని."

అప్పుడు చూసుకున్నాను, అరచేతిలో బొబ్బ.