కన్నన్ నవ్వు

తమిళనాడులో గుడియాత్తం బజారులో గిరిప్రసాద్ వాళ్లది పప్పుల అంగడి. ఆ ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా, ఎవరికీ దాన్ని చదవను రాదు, రాయను రాదు. అంగట్లో మూటలు మోసే కన్నన్‌ను తిట్టడానికి మాత్రం అది బాగా పనికొచ్చేది. అరవవాడు, వాడికేం అర్థమవుతుందిలే అని అందరికీ ధీమా.

ఆ ధీమాతోనే గిరిప్రసాద్ వేలూరులో ఒక కాఫీ షాపులో స్టాండప్ కామెడీ చేసినాడు. "మా అంగట్లో మూటలు మోసే కన్నన్ ఉండాడు. మా నాయన వాణ్ణి తెలుగులో గాడిదా అంటాడు. వాడు మెచ్చుకున్నారనుకుని ఇట్ల నవ్వుతాడు" అని అరవంలో చెప్పి, వీపు వంచి పళ్లికిలించి చూపించినాడు. జనం పడీ పడీ నవ్వినారు.

షో అయినాక ఒక అమ్మాయి దగ్గరికొచ్చి తెలుగులో పలకరించింది.

"నేను శాంతిప్రియనన్నా, కన్నన్ కూతుర్ని. ఇక్కడే చదువుకుంటా ఉండాను."

గిరిప్రసాద్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించినాడు. "నీకు తెలుగెట్ల వచ్చు?"

"మా నాయన నేర్పించినాడు. ఆయన మీ అంగట్లోనే నేర్చుకున్నాడు."

"మరి తిడతా ఉంటే నవ్వుతాడెందుకు?"

"'నాకు తెలుగొచ్చని తెలిస్తే వాళ్లు మళ్లీ నా మొగం చూడలేరు, పాపం' అంటాడు. నాకు అంత జాలి లేదన్నా. అందుకే చెప్తా ఉండాను."

మర్నాడు పొద్దున అంగట్లో గిరిప్రసాద్ నాయన మళ్లీ గాడిదా అన్నాడు. కన్నన్ ఎప్పట్లాగే నవ్వినాడు. గిరిప్రసాద్ మొదటిసారి ఆ నవ్వును సరిగ్గా చూసినాడు. స్టేజి మీద తాను చూపించింది అది కానే కాదు.