ఏడుగురు కూర్చునే పడవ

ఉగ్గాని కోసం బొరుగులు నానేసి పిండుతుంటే మా ఆయన పవన్ వంటింట్లోకొచ్చి ఫోన్ నా ముఖం ముందు పెట్టాడు. రెండు చిన్న మోటారు పడవలు. రెండూ తెలుపే, రెండిటికీ నీలం గీతే, ఇంజను కూడా ఒకటేనట. ప్రొద్దుటూరులో బట్టలమ్ముకునే మనిషికి పడవెందుకని నేనడగలేదు. ఆదివారాలు ఇంటిల్లిపాదీ గండికోట డ్యాం నీళ్ళలో తిరగాలని నెల రోజులుగా అదే ముచ్చట.

"ఏది బాగుందో చెప్పు. కోడలి చెయ్యి పడకుండా మనింట్లో ఏదీ కొనం గదా," అన్నాడు.

నిజమే. కొట్లో బీరువా దగ్గర్నుంచి స్కూటర్ దాకా ఏది కొన్నా ముందు కోడలు పసుపు వేలితో తాకాలి. పదకొండేళ్ళలో నేను తాకని వస్తువు లేదు, ఎంచుకున్నదీ లేదు. ఈసారి మాత్రం సిగ్గులేని ఆశ పుట్టింది. చేతులు తుడుచుకుని పరీక్షగా చూశాను. ఒకదానికి ఏడు సీట్లు. రెండోదానికి ఆరే, ఏడో సీటుండాల్సిన చోట పొయ్యీ గిన్నెలూ పెట్టుకునే పెట్టె. ఇంట్లో అత్తా మామా, మేమిద్దరం, మరిది హర్ష, ఇద్దరు పిల్లలు. ఏడుగురం.

ఆ నీళ్ళ కిందే మా ఊరుంది. ఊరు ఖాళీ చేయించిన రోజుల్లో నేనిక్కడ మామయ్య కంటి ఆపరేషన్‌కి పథ్యం వండుతున్నాను. ఒక్కపూట వెళ్ళొస్తానంటే, మునిగిపోయే ఇల్లు చూసి ఏం జేస్తావంది అత్త. మా అమ్మ గడప పెరికించి ట్రాక్టర్లో వేసుకుందట. అదీ నేను చూడలేదు. మా ఇల్లున్న చోటికి పోయి ఒక్కసారి ఆ నీళ్ళలో చెయ్యి పెట్టాలని ఎన్నాళ్ళనుంచో కోరిక. చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

అత్త ఓబులమ్మ నా వేలికి పసుపు రాసింది. ఫోన్లో ఏడు సీట్ల పడవ మీద గట్టిగా అద్దాను.

పవన్ తువ్వాలుతో ఫోన్ తుడిచాడు. "అది కాదు, పెట్టె ఉండేది. నిన్ననే ఖాయం చేసినా."

"మనం ఏడుగురం గదా," అన్నాను.

"నువ్వు యాడెక్కుతావు? మేం తిరిగొచ్చేసరికి గట్టు మింద ఎవురో ఒకరు వండల్ల గదా."

కోపంగా అనలేదు. తెలియనిదానికి చెప్పినట్టు చెప్పాడు. అత్త నా చెయ్యి పట్టుకుని, వేలిని తనే రెండో పడవ మీద పెట్టించింది. నేను వెనక్కి లాక్కోలేదు. తిరిగి బొరుగుల దగ్గరికి వచ్చాను. అప్పటికే నాని ముద్దయిపోయాయి.

పవన్ పోతూ పోతూ గుమ్మంలో ఆగాడు. "మీ ఊరు ఆ నీళ్ళలోనే గదా మునిగింది? పిల్లోళ్ళు చూడాలంటాండారు. యాడుండేదో గట్టు మింద నుంచి చెయ్యి చూపీ. మేం పడవలో పోయి చూసొస్తాం."

సరేనన్నాను.

ఆదివారం అందరికీ వండి పెడతాను. అడిగినప్పుడు చెయ్యీ చూపిస్తాను, మా ఊరు లేని వైపు.